నాలుగంగుళాల అతుకు

బంపర్‌ని రెండు చేతుల్లో తిప్పి చూసి మా టింకరింగ్ మేస్త్రీ మొహం చిట్లించాడు. "దీన్నెవరో మధ్యకి కోసి ముక్కేశారు సార్. వెల్డింగ్ పెట్టి గ్రైండింగ్ పట్టిస్తే అతుకన్నదే కనపడదు. ఆ తర్వాత నికెల్‌కి పంపిద్దాం" అన్నాడు. వద్దని కాస్త గట్టిగానే అరిచాను. పాపం, నివ్వెరపోయాడు.

ఆ కారు 1949 నాటి మోరిస్ మైనర్. దాని బంపర్‌ని కోసింది మన షెడ్డుల్లో ఎవరో కాదు, ఫ్యాక్టరీ వాళ్లే. 1948 అక్టోబరులో లండన్ ప్రదర్శనలో ఈ కారు జనం ముందుకొచ్చింది. అంతకు ముందటేడు, అంతా సిద్ధమయ్యాక, రూపకర్త అలెక్ ఇస్సిగోనిస్‌కి కారు మరీ సన్నగా ఉందనిపించింది. నమూనా బండిని నిలువునా రెండుగా కోయించాడు. ఆ రెండు సగాలనూ కొద్దికొద్దిగా దూరం జరిపిస్తూ, కంటికి నప్పిన చోట ఆపమన్నాడు. కొలిస్తే నాలుగంగుళాలు. బంపర్లేమో అప్పటికే పాత కొలతకి తయారై ఉన్నాయి. వాటిని పారెయ్యకుండా సగానికి కోసి, మధ్యలో పట్టీ వేశారు. బానెట్ నడుమ కిందికి దిగే చదునైన పట్టీ కూడా ఆ నాలుగంగుళాలే. ఒక మనిషి చివరి క్షణంలో మనసు మార్చుకున్న గుర్తు అది. దాన్ని గ్రైండర్ కింద పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

గుంటూరులో ఒక పాత గోదాము వెనక రేకుల షెడ్డులో దొరికింది నాకీ బండి. మొదటి చూపుకి బాగానే ఉంది. అయస్కాంతం తీసుకుని చుట్టూ తిరిగితే అసలు సంగతి బయటపడింది. తలుపుల కింద, మడ్‌గార్డుల అంచుల్లో అది అంటుకోదు. అక్కడ ఇనుము లేదు, లప్పం ఉంది. ఎప్పుడో ఎవరో తుప్పు మీదే లప్పం కూరి, దానిమీద నీలం రంగు కొట్టి అప్పజెప్పారు. మూడు వారాలు గీకాం. నీలం కింద తెలుపు, తెలుపు కింద బూడిదరంగు. నంబరు ప్లేటు ఊడదీస్తే దాని వెనక, ఎండా వానా తగలని చోట, అరచేయంత మేర ముదురు మెరూన్ కనిపించింది. ఫ్యాక్టరీ రంగు. ఆ సాయంత్రం ఇంటికెళ్లబుద్ధి కాలేదు.

ఈ తొలి మైనర్లలో నీళ్ల పంపు ఉండదు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది, రేడియేటర్‌లో చల్లబడి కిందికి దిగుతుంది, అంతే. గుంటూరు ఎండల్లో ఇది పని చెయ్యదని, 918 సీసీ ఇంజను పీకేసి మారుతి ఇంజను పెట్టుకోమని సలహా ఇచ్చిన వాళ్లకి లెక్కలేదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఇంజను మారిస్తే ఇక మిగిలేది పైతొడుగే. బ్లాకు విప్పి చూస్తే నీటి దారుల్లో గట్టిపడ్డ తుప్పు బురద. తీగతో పొడుస్తూ, నీళ్లు కొడుతూ రెండు రోజులు కడిగాం. ఇప్పుడు మేనెలలో కూడా పొద్దున ఎనిమిదింటిలోపు నిక్షేపంగా నడుస్తుంది. మధ్యాహ్నం పూట నేను బయటికి తియ్యను. దాని వయసుకి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి.

2021లో కేంద్రం యాభయ్యేళ్లు దాటిన బండ్లకి 'వీఏ' అక్షరాలతో వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉంటేనే ఆ గుర్తింపు. ఆ షరతు పెట్టిన వాళ్లకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది, 1912 నాటిది. దాని ముందు నేనూ చాలాసేపు నిలబడ్డాను. అలాంటి వాటిని కనిపెట్టుకునే వాళ్లు ఎప్పుడూ ఉంటారు. నా బెంగంతా చిన్న కార్ల మీదే. బ్రిటన్‌లో తయారీ పది లక్షలు దాటిన మొదటి కారు మైనరే. మన దగ్గర హిందుస్థాన్ మోటార్స్ దాన్నే 'బేబీ హిందుస్థాన్' పేరుతో అమ్మింది. అంత విరివిగా దొరికింది కనకే ఎవరూ దాచలేదు, తూకానికి అమ్మేశారు.

పోయిన ఆదివారం బంపర్ నికెల్ పూత నుంచి తిరిగొచ్చింది. తళతళలాడే లోహం మధ్య రెండు సన్నటి గీతలు, వాటి నడుమ పట్టీ. మేస్త్రీ దాన్ని బిగించి, వెనక్కి నాలుగడుగులు వేసి చూశాడు. మళ్లీ దగ్గరికొచ్చి ఆ గీత మీద బొటనవేలు రాశాడు. నేను బయల్దేరబోతుంటే చేతిలో ఒక చిన్న పౌడరు డబ్బా పెట్టాడు.

"బంపర్‌వి పాత బోల్టులు సార్. అరిగిపోయాయని కొత్తవి వేశా. ఇవి మటుకు పారెయ్యకండి."