పందొమ్మిది పోగుల కొస

మన తాతల కాలం సైకిళ్లకు బ్రేకు వైర్లు లేవు. హ్యాండిల్ దగ్గర్నుంచి చక్రం దాకా ఇనుప కడ్డీలే. పానాలు రెండు, ఓ సుత్తి, ఓ స్క్రూడ్రైవరు ఉంటే రాడ్ బ్రేకు మరమ్మతంతా అయిపోయేది. అందుకేనేమో, ఇవాళ్టికీ మన ఇళ్లలో పనిముట్ల డబ్బా తెరిస్తే అన్నీ ఉంటాయి గానీ బ్రేకు వైరును శుభ్రంగా తెంపేది మాత్రం ఉండదు. సైకిళ్లు చూస్తే చాలావరకు వైరు బ్రేకులకు మారిపోయాయి. డిస్కు బ్రేకు అన్న మాట విని అది వేరే జాతి అనుకోకండి. చవక రకాల్లో ఆ డిస్కును పట్టించేదీ వైరే.

ఆ వైరు మందం సుమారు మిల్లీమీటరున్నర. అంత సన్నంలోనూ సాధారణంగా 19 ఉక్కు పోగులు పురి తిరిగి ఉంటాయి. దాన్ని ఇంట్లో ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టి నొక్కితే ఏమవుతుంది? దాని అంచులు ఎదురెదురుగా వచ్చి నలుపుతాయి. గుండ్రటి వైరు ముందు చదునవుతుంది, పక్క పోగులు జారుకుంటాయి, మధ్యవి తెగుతాయి. పురి విడిపోయి కొస చీపురు కట్టలా విచ్చుకుంటుంది. ఇక అది అవుటర్‌లోకి, అంటే వైరు పైగొట్టంలోకి దూరదు, వేల్లోకి మాత్రం బాగా దూరుతుంది.

సైకిల్ షాపులో ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. మామూలు ఇన్నర్, అంటే లోపలి వైరు ధర చాలా తక్కువ. కొస పాడైతే లాగి పారేసి కొత్తది వేస్తారు. పాత వైరును కాపాడుకుంటూ కూర్చుంటే మెకానిక్‌కు గిట్టదు. ఇంట్లో సైకిలు చూసుకునే వాడి లెక్క వేరు. వానాకాలానికి ముందు వైరు బయటకు లాగి, తుడిచి, కాస్త గ్రీజు రాసి మళ్లీ ఎక్కించాలంటే కొస చెక్కు చెదరకుండా ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల, ఉప్పుగాలికి రెండు నెలల్లో తుప్పు పొడ కనిపించే సైకిళ్లకు ఈ సేవ మరీ అవసరం.

కాబట్టి పనిముట్టు కావాలి. మంచివి లేకపోలేదు. స్విట్జర్లాండ్ ఫెల్కో కంపెనీ కొమ్మలు కత్తిరించే కత్తెరలకు పేరు మోసింది. అదే కంపెనీ చేసే సీ7 అనే కేబుల్ కట్టర్‌ను ప్రపంచమంతటా సైకిల్ మెకానిక్‌లు కళ్లకద్దుకుంటారు. పార్క్ టూల్, షిమానో, జర్మనీ నుంచి నిపెక్స్... వీటి ధర వేలల్లో. ఏడాదికి నాలుగు వైర్లు తెంపేవాడు అంత పెట్టాలా? నా మటుకు అక్కర్లేదంటాను. మనం డబ్బు పెట్టాల్సింది పేరుకు కాదు, నోటి ఆకారానికి. అంచులు ఎదురెదురుగా ఢీకొట్టకుండా కత్తెరలా ఒకదాని పక్కగా ఒకటి సాగాలి. ఆ అంచుల్లో చిన్న గాడి ఉండాలి. ఆ గాడి వైరును నలువైపులా కమ్ముకుని, పోగులు జారే చోటు లేకుండా కోస్తుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజార్లలో ‘వైర్ రోప్ కట్టర్’ అని అడిగితే ఎనిమిదంగుళాలది కొన్ని వందలకే చేతిలో పెడతారు. ‘కేబుల్ కట్టర్’ అని అడిగితే మాత్రం చిక్కు: ఎలక్ట్రీషియన్లు రాగి, అల్యూమినియం తీగలకు వాడేది ఇస్తారు. ఉక్కు వైరు మీద పెడితే దాని అంచు పెచ్చులూడుతుంది. కీలు దగ్గర రివెట్ కాకుండా బోల్టు, నట్టు ఉన్నది చూసుకుంటే, వదులైనప్పుడు బిగించుకోవచ్చు.

అసలు ఏమీ కొననంటారా? పాతకాలపు దారి ఒకటుంది. వైరును ఇనుప దిమ్మె మీద పెట్టి, పదునైన ఇనుము కోసే ఉలి ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ. తెంపే చోట ముందే టేపు చుట్టి ఉంటే కొస ఆశ్చర్యపోయేంత బాగా వస్తుంది. కంటికి అద్దాలు పెట్టుకోవాలి, పోగు ముక్క ఎటు ఎగురుతుందో దానికే తెలీదు. జింకు పూత వైరైతే కొసకు కాస్త టంకం పట్టించి తెంపడం ఇంకా పద్ధతైన పని. స్టెయిన్‌లెస్ స్టీలుకు మామూలు ఫ్లక్స్‌తో టంకం అంటదు, దానికి సూపర్ గ్లూ చుక్కే గతి.

ఇన్నర్ కంటే అవుటర్ మొండిది. బ్రేకు అవుటర్‌లో చదును ఉక్కు పట్టీ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. తెంపితే ఆ పట్టీ కొస లోపలికి వంగి, ఇన్నర్‌ను గీకుతూ ఉంటుంది. తెంపేముందు పాత ఇన్నర్ ముక్క ఒకటి లోపల ఉంచితే గొట్టం నలగదు. తెంపాక ఆకురాయితో కొసను చదును చేసి, లోపలి ప్లాస్టిక్ పొరను సన్నని సూదితో తెరవాలి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. కొస ఏటవాలుగా ఉంటే లీవరు నొక్కిన ప్రతిసారీ కొంత శక్తి ఆ వంకర సర్దుకోవడానికే పోతుంది, బ్రేకు మెత్తగా తగులుతుంది. అప్పుడు జనం బ్రేకు రబ్బర్లు మారుస్తారు! అన్నట్టు, మిగిలిపోయింది కదా అని గేరు అవుటర్‌ను బ్రేకుకు వేయకండి. అందులో పోగులు నిలువుగా ఉంటాయి, గట్టిగా బ్రేకు పట్టినప్పుడు పగిలిపోవచ్చు.

కొనడానికి వెళ్లేటప్పుడు జానెడు పాత ఇన్నర్, బెత్తెడు అవుటర్ జేబులో వేసుకెళ్లండి. తెంపి చూడనివ్వని షాపుంటే పక్క షాపుకు నడవండి. ఒక్క నొక్కుతో తెగాలి. తెగిన కొసను చేత్తో నలపకుండా నేరుగా అవుటర్‌లోకి దూర్చండి. ఎక్కడా ఆగకుండా అవతలికి వస్తే, అప్పుడు బేరం మొదలుపెట్టొచ్చు.