గడప ఇవతల

మొన్న వానలో చేను నుంచి ఇల్లు చేరేసరికి ఒక్కో చెప్పు శేరు బరువైంది. పల్నాటి నల్లరేగడి పట్టుకుందంటే వదలదు. అందుకే మా నాయనమ్మ వాకిట్లో అరుగు పక్కన నాపరాయి ముక్కొకటి నిలువుగా పాతించింది. దాని అంచుకి చెప్పులు గీరి, అక్కడే విడిచి, తొట్టిలో చెంబు ముంచి కాళ్లు కడుక్కోవాలి. మడమల వెనక తడిసిందో లేదో ఆమె చూశాకే గడప దాటనిచ్చేది. లోపల పరిచిందీ నాపరాయే. రోహిణి ఎండల్లో కాలిన పాదం దానిమీద పడగానే ప్రాణం లేచొచ్చేది.

చెప్పులు గడప దగ్గరే ఆపడం మా ఒక్కరి అలవాటే కాదు. జపానులో ఇంటి గుమ్మం లోపల ఒక మెట్టు పల్లం ఉంటుంది, గెన్‌కన్ అంటారు. అక్కడ బూట్లు విప్పి, వెళ్లేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా ముందుభాగం వీధివైపు తిప్పి పెడతారు. టెక్సాస్‌లో మా చెల్లెలి ఇంటికి మరమ్మతుకి వచ్చినతను మాత్రం బూట్లు విప్పలేదు. కాలిమీద బరువేదైనా పడుతుందని, పనిలో ఉండగా విప్పకూడదట. జేబులోంచి పల్చటి తొడుగులు తీసి బూట్లకు వేసుకున్నాడు. చెల్లెలు అడక్కముందే. ఆ ఇంటిని అతను గౌరవించిన తీరు నాకు నచ్చింది.

కానీ ఒక సంగతి దాటేసి ఈ ఆచారాన్ని మెచ్చుకుంటే అబద్ధం రాసినట్టే. మా పొలం పనికొచ్చే పెద్దాయన వీధి మొదట్లోనే చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవాడు. మట్టి వల్ల కాదు, కులం వల్ల. వీధికి గడప లేదు. అయినా ఆయనకొక్కడికే ఉన్నట్టు మేమంతా నడుచుకున్నాం. నా మడమలు తడిమి చూసిన నాయనమ్మకి అందులో తప్పు కనిపించలేదు. నేనూ అడగలేదు. ఇన్నేళ్లయినా ఆ బాధ నన్ను వదల్లేదు.

1895లో వినుకొండలో పుట్టిన కవి జాషువా ‘గబ్బిలం’ కావ్యంలో చెప్పులు కుట్టి బతికే మనిషిని నిలబెట్టాడు. గుడిలోకి తనకి ప్రవేశం లేదు గనక, గుడిలో వేలాడే గబ్బిలంతో శివుడికి గోడు చెప్పి పంపుతాడతను. ఊరందరి కాళ్లకీ చెప్పులు కుట్టిన చేతులవి! ఇదే పల్నాట్లో 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాల్నీ ఒక్క చాపమీద కూర్చోబెట్టి అన్నం తినిపించాడని చెప్పుకుంటాం. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో ఆ చాపకూడు నేటికీ సాగుతోంది. చాప ఎక్కాలంటే చెప్పులు విడవాలి. అక్కడ అందరూ విడుస్తారు, ఒకే చోట.

పెద్దాయన ఇప్పుడు ముసలివాడయ్యాడు. వీధిలో చెప్పులు విప్పొద్దని ఎన్నిసార్లు చెప్పినా “అలవాటయ్యా” అంటాడు. మొన్న వానకి ఆయన కొడుకు వచ్చాడు, చేలో మోటారు సంగతి మాట్లాడ్డానికి. వాకిట్లోకి వచ్చి, నాయనమ్మ పాతించిన రాతికి రేగడి గీరి, చెప్పులు నా చెప్పుల పక్కన విడిచాడు.

“చెంబెక్కడుందన్నా?” అంటూ తొట్టి వైపు నడిచాడు.