సంతకము లేని బ్రదుకు

గుమాస్తాను గూర్చి చలనచిత్రము తీయుట కష్టమైన పని. రాజు కథలో యుద్ధముండును. దొంగ కథలో పరుగుండును. ఉదయము బల్లయొద్ద కూర్చుండి సాయంకాలము లేచిపోవువాని కథలో కన్ను నిలుపదగినదేమున్నది? ఈ ప్రశ్నకు, జర్మనీనుండి అమెరికాకు చేరిన దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 1945లో ఒక చీకటి సమాధానము చెప్పెను. ఆ చిత్రము పేరు ‘స్కార్లెట్ స్ట్రీట్’. అమెరికాలో దానిపై హక్కులు గతించినందున నేడు ఇంటనే కూర్చుండి చూడవచ్చును. అందు మోసము, హత్య, మరణశిక్ష అన్నియు కలవు. అయినను ఒక మనిషి చేసిన పని ఆతని పేరున నిలువకపోవుటయే దాని అసలు విషయమని నేను తలచెదను.

కథ 1934లో న్యూయార్కు నగరమున మొదలగును. క్రిస్టఫర్ క్రాస్ ఒక సంస్థలో ఖజానా గుమాస్తా. ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ ఆ పాత్రను ధరించెను. ఇరువదియైదేండ్ల నమ్మకమైన సేవకు మెచ్చి యజమాని విందుచేసి, పేరు చెక్కించిన బంగారు గడియారమును బహూకరించును. అందరును చప్పట్లు చరచెదరు. పిదప యజమాని తనకొరకు బయట కారులో కాచుకొనియున్న పడుచుతో వెడలిపోవును. క్రాస్ తోటి గుమాస్తాయైన చార్లీతో ఒకే గొడుగు క్రింద నడచుచు, అట్టి పడుచు ప్రేమకు పాత్రుడగుట ఎట్లుండునోయని తలపోయును. ఆతని పేరును లోకము చెక్కించి యిచ్చిన వస్తువు ఈ కథలో ఆ గడియారమొక్కటే. కాలమును కొలుచు ఆ వస్తువును, ఆతని కాలమంతయు పుచ్చుకొనినవారే యిచ్చిరి.

ఇంటియందు ఆతనికి గౌరవము లేదు. భార్య అడెల్ తన మొదటి భర్త నిలువెత్తు ఠీవితో కనబడు పెద్ద పటమును గోడపై నిలిపినది. ఆ మొదటి భర్త పోలీసు ఉద్యోగి; నీట మునిగి మరణించెనని అందరి నమ్మకము. చనిపోయిన వానికి గోడ దొరకినది. బ్రదికియున్న క్రాస్‌కు స్నానపు గది మిగిలినది. ఆదివారములందు అక్కడనే ఆతడు రంగులు కలిపి పటములు వ్రాసికొనును. ఆ పటములను బయట పారవేయుదునని భార్య బెదరించును. చార్లీ ఒకసారి వచ్చి, ఎదుటనున్న పువ్వునకును పటములోని పువ్వునకును పోలిక కానక తికమకపడును. క్రాస్‌కు మాత్రము ఆ పువ్వు అట్లే కనబడినది.

విందునాటి రాత్రియే వీధిలో ఒక పురుషుడు ఒక స్త్రీని కొట్టుచుండగా క్రాస్ గొడుగుతో అడ్డుపడును. ఆమె కిట్టీ, ఆ పురుషుడు ఆమె ప్రియుడు జానీ. ఆమె క్రాస్‌ను ధనవంతుడైన చిత్రకారుడని భ్రమపడును. ఆతడు ఆ భ్రమను తొలగింపడు. జీవితములో మొదటిసారి ఒకరు తన్ను చిత్రకారుడనిరి. కాదనుటకు నోరెట్లు వచ్చును? ఆమెకొరకు ఇల్లు అద్దెకు తీసికొనును. భార్య సొమ్మును, పిదప సంస్థ సొమ్మును అపహరించును. జానీ ఆ పటములను అమ్మకమునకు పెట్టగా ఒక విమర్శకుడు చూచి ఆశ్చర్యపడును. అవి కిట్టీ వ్రాసినవని జానీ కల్ల చెప్పును. ఆమె పేరు నగరమంతయు మ్రోగును.

ఈ సంగతి క్రాస్‌కు భార్య నోట తెలియును. విక్రయశాలలో ఆ పటములను చూచివచ్చి, నీవు ఆ ప్రసిద్ధురాలి పటములకు నకలు తీసితివని ఆమె నిందించును. చిత్రమునకు ఇదియే గుండెకాయ. క్రాస్ కోపముతో కిట్టీ యింటికి పోవునని మనము తలచెదము. ఆతడు సంతోషముతో పోవును! తన పటములు మంచివని తేలినది, అంతే చాలును. పైగా ఇది పెండ్లివంటిదేయనియు, భార్య భర్త పేరు గైకొనుటకు బదులు తాను ఆమె పేరు గైకొంటిననియు మురిసిపోవును.

ఆఫీసు పని తెలిసినవారికి ఈ ఘట్టము వింతగా తోపదు. అక్కడ చిత్తు వ్రాయువాడొకడు, సంతకము చేయువాడు మరొకడు. జాబు బాగుండినచో మెప్పు సంతకమునకు పోవును. తప్పు దొరలినచో సంజాయిషీ చిత్తు వ్రాసినవానిని వెదకికొనుచు వచ్చును. దస్త్రము మూలను పొడి అక్షరములు రెండు తప్ప గుమాస్తా చేతికి వేరొక గుర్తు లేదు. నేనును ఉద్యోగము విరమించువరకు ఈ పద్ధతిలోనే పనిచేసితిని; అందు అన్యాయమున్నదని అనను. జాబు కార్యాలయమునది గదా. అయితే ఈ అలవాటు చేతినుండి మనస్సులోనికి దిగినప్పుడు కీడు పుట్టును. ఇరువదియైదేండ్లు పరుల పేరున పనిచేసిన క్రాస్, తన హృదయమునుండి పుట్టిన పటముపై పరుల పేరు చూచినప్పుడు సయితము అది సహజమేయనుకొనెను. లాంగ్ చూపిన ఒంటరితనమిది. చుట్టును మనుష్యులు లేకపోవుట కాదు, తనయొద్ద తానే లేకపోవుట.

తరువాతి కథ వేగముగా దిగజారును. పెండ్లాడుమని కోరిన క్రాస్‌ను కిట్టీ పకపక నవ్వి హేళన చేయగా, మంచుగడ్డలు పగులగొట్టు మొనకడ్డితో ఆతడామెను పొడిచి చంపును. నేరము జానీపై పడును. న్యాయస్థానములో క్రాస్, తనకు పటములు వ్రాయుట రాదని సాక్ష్యము చెప్పును. జానీకి మరణశిక్ష అమలగును. ఖజానాదారునకు లెక్కయనగా ఒకటే నియమము: ఎవరి పద్దు వారి పేరనే పడవలెను. ఈతని బ్రదుకులో పద్దులన్నియు తారుమారైనవి. పటములు కిట్టీ పేరున జమయైనవి. హత్య జానీ పేరున పడినది. పిచ్చివాడై తిరుగుచు, నేనే చంపితినని పోలీసువారికి చెప్పుకొనినను ఎవరును నమ్మరు. తుదకు నేరమునకు కూడ ఆతని సంతకము చెల్లలేదు. చివర, తాను వ్రాసిన కిట్టీ పటము ఆమె స్వహస్తముతో వ్రాసికొనిన పటమను పేరుతో పదివేల డాలర్లకు అమ్ముడుపోయి తన కన్నులయెదుటనే తరలిపోవుచుండగా, చినిగిన బట్టలతో క్రాస్ నడచిపోవును.

1946లో న్యూయార్కు రాష్ట్రమునందును, మిల్వాకీ, అట్లాంటా నగరములందును అధికారులు ఈ చిత్రమును నిషేధించిరి. హంతకుడు చట్టమునకు చిక్కకపోవుట నీతి కాదనువారికి నా మనవి యేమనగా, చీకటి గదిలో చనిపోయినవారి గుసగుసలు వినుచు ఉరిపోసికొనబోయి, అదియును దక్కక మిగిలినవానికంటె శిక్షపడినవాడెవడు?

ఇదే ఫ్రెంచి నవలను జాఁ రెన్వార్ 1931లో ‘లా షియెన్’ పేరుతో తీసియుండెను. అందలి గుమాస్తా తుదకు బిచ్చగాడై, తన పటము పోవుచున్నను చలింపక నవ్వుచు తిరుగును. పేరు పోవుట ఆతనికి విడుదల. లాంగ్ సృష్టించిన క్రాస్‌కు విడుదల లేదు. నా మట్టుకు లాంగ్ చెప్పినదే గుమాస్తా మనస్సునకు దగ్గర. లెక్క కుదరనివానికి నిద్ర రాదు.

చిత్రమున లోపములు లేకపోలేదు. చనిపోయెననుకొనిన మొదటి భర్త సమయమునకు తిరిగివచ్చుట మరీ అనుకూలముగా కల్పింపబడినది. కిట్టీని కేవలము మాయలాడిగా చూచుట సులభము. జోన్ బెనెట్ నటనలో అంతకంటె ఎక్కువయున్నది. తన్ను కొట్టువానికే డబ్బు చేర్చు ఆమెకు సయితము, తాను వ్రాయని పటములు తప్ప పేరున మిగిలినదేమియు లేదు. దర్శకుడు ఆమెపై మరికొంత దయచూపియుండవలసినది.

మన కుటుంబములలో ఆఫీసు జీతముపై నిలిచినవి తక్కువ కాదు. వచ్చిన ఊరిలో, వేరు భాషలో, పై అధికారి పేరున జీవితమంతయు వ్రాసినవారు ఎందరో యున్నారు. వారిలో కొందరికి బీరువా అడుగున పద్యముల పుస్తకమో, బొమ్మలు గీసిన కాగితములో ఉండును. క్రాస్‌కు కావలసినది కీర్తి కాదు. ఇది నీవు వ్రాసితివా యని అడుగు ఒక్క మనిషి ఇంటిలో ఉండిన చాలునుగదా. అట్టి పుస్తకము మీ యింట కనబడినచో పాతకాగితముల వానికి వేయకుడు. పెద్దవారి యెదుట తెరచిపెట్టి, కలమందించి, మొదటి పుటలో వారి పేరును తేదీని వారిచేతనే వ్రాయింపుడు.