ట్వీడ్ నదిలో టర్నర్ ఆవు

ఇంగ్లండ్‌కూ స్కాట్లండ్‌కూ మధ్య కొంతదూరం ట్వీడ్ నదే సరిహద్దు. దక్షిణపు ఒడ్డున, ఇంగ్లండ్ వైపు, నోరమ్ కోట. 1121లో కాపలా కోసం కట్టిందే. స్కాట్ సేనలు దాని మీద పదే పదే పడ్డాయి. 1513లో స్కాట్లండ్ రాజు నాలుగో జేమ్స్ ఫిరంగులు పెట్టి దాన్ని పట్టుకున్నాడు. రెండు వారాలు తిరక్కముందే ఫ్లాడెన్ యుద్ధంలో ప్రాణాలొదిలాడు. 1603లో రెండు సింహాసనాలూ ఒకే రాజు చేతికొచ్చాక కోటకు పని లేకుండా పోయింది.

1797లో లండన్ మంగలి కొడుకొకడు స్కెచ్ పుస్తకం పట్టుకుని అక్కడికొచ్చాడు. వయసు ఇరవై రెండు. పేరు టర్నర్. పెన్సిల్‌తో శిథిలాలను గీసుకుని పోయి, మరుసటేడు నోరమ్ ఉదయాన్ని నీటిరంగుల్లో రాయల్ అకాడమీలో ప్రదర్శించాడు. పేరొచ్చింది.

ఇక ఆ కోటను వదల్లేదు. 1816లో ప్రింటుగా వేశాడు, 1820లలో మళ్లీ నీటిరంగుల్లో. 1831లో ఆ దారిన పోతూ కోట కనబడగానే టోపీ తీసి వంగి దణ్ణం పెట్టాడట. పక్కనున్న ప్రచురణకర్త కాడెల్ విస్తుపోతే, దాని బొమ్మ వేసిన నాటి నుంచీ తనకు చేతినిండా పనేనన్నాడట.

అసలైన బొమ్మ 1845 ప్రాంతంలో వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బయ్యేళ్లు. వాడింది ఆయిల్ రంగులే. కానీ నీటిరంగుల్లో అలవాటైన చెయ్యి కదా, తెల్లటి పూత మీద వాటినీ నీళ్లలా పలచగా పారించాడు. కోట నీలి మరకగా మిగిలింది. దాని వెనక నుంచి పసుపు పొద్దు. బురుజుల్లేవు, రాళ్లు లేవు. ఏ ఒడ్డు ఏ దేశానిదో చెప్పే గుర్తూ లేదు. నీళ్లలో దిగిన ఎర్రమట్టి రంగు ఆవొక్కటే కంటికి ఆనుతుంది. నాలుగు శతాబ్దాల పైన జనం కొట్టుకున్న చోటిది! ఆ కోటను అన్నేళ్లు రాయి రాయిగా గీసిన మనిషి కాబట్టే ఇంత ధైర్యంగా కరిగించగలిగాడు.

దీన్ని ఇంప్రెషనిజానికి ముందడుగని పొగిడేవాళ్లున్నారు. కాస్త ఆగాలి. సగం వేసిన బొమ్మను అకాడమీకి తెచ్చి, ప్రదర్శనకు ముందు వార్నిష్ పూసే రోజుల్లో గోడ మీదే ముగించడం ఆయన అలవాటు. ఇది అక్కడిదాకా వెళ్లలేదు. బహుశా పూర్తి కాని బొమ్మే. ముగించకపోవడమే మేలైంది.

1851లో ఆయన పోయాక స్టూడియోలోని బొమ్మలతో పాటు ఇదీ దేశానికి దక్కింది. జనం ముందుకు మాత్రం 1906లో గానీ రాలేదు. ఇప్పుడు టేట్ సంస్థ దగ్గరుంది. లండన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఒక పూట టేట్ బ్రిటన్‌కు పెట్టుకోండి. అక్కడి శాశ్వత సేకరణకు టికెట్టు లేదు. ఈ బొమ్మ గోడ మీద ఉందో లేదో మాత్రం ముందే కనుక్కుని వెళ్లండి.