అంతర్జాల పరికరములు – సాహిత్య పరిశోధన: ఒక పరిశీలన

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూరు మొదలు గచ్చిబౌలి వరకు గల ప్రాంతమునకు సైబరాబాదు అను పేరు స్థిరపడినది. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ సౌధము ప్రారంభమైన నాటినుండి హైటెక్ సిటీ పేరు తెలుగునాట వాడవాడలకు ప్రాకినది. ఆ సంవత్సరముననే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీగా ప్రసిద్ధి కెక్కిన విద్యాసంస్థ యేర్పడెను. దానికి చేరువనే 1974లో నెలకొన్న హైదరాబాదు విశ్వవిద్యాలయము కలదు. అచ్చటి అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రమున తెలుగు పదముల రూపవిశ్లేషణమును యంత్రముచే జేయించు కృషి చిరకాలముగా సాగినది. కనుక యంత్రమునకును తెలుగు భాషకును ఈ నేలమీద పరిచయము క్రొత్తది కాదు. క్రొత్తది సాహిత్య పరిశోధకుల పరిచయము. ఆ పరికరములు నేడు మన విద్యార్థుల చేతులలో నున్నవి. వాని బలాబలములను నిర్ణయించు బాధ్యత మనదే యని మా యభిప్రాయము.

ఈ విషయమును గూర్చి వ్రాయుటకు మమ్ము పురికొల్పినది మా పొరపాటే. మా పర్యవేక్షణమున సిద్ధాంత వ్యాసము వ్రాయుచున్న యొక విద్యార్థి క్రిందటి సంవత్సరము ఒక ప్రకరణమును సమర్పించెను. అందు రెండంశములు మమ్ము మిక్కిలి ఆకర్షించినవి. ఒక దేశ్య పదము తాను పరిశీలించిన కావ్యమున నొక్కచోటను ప్రయుక్తము కాలేదని యాతడు నిరూపించెను. ఆ నిరూపణమునకు తోడుగా పోతనది యని యొక యుత్పలమాల నుదాహరించెను. మేమా ప్రకరణమును మెచ్చుకొంటిమి. పదిదినముల పిమ్మట రెండవసారి చదువునప్పుడు ఆ పద్యము చెవికి పొసగలేదు. విచారింపగా రెండంశములును అంతర్జాల పరికరములు చెప్పినవేయని తేలెను. రెండును తప్పులే. విద్యార్థిని మందలించుటకు ముందు మేము మొదటిసారి యేల గుర్తింపలేదని ప్రశ్నించుకొనవలసి వచ్చెను. అంతట అట్టి పరికరములను వరుసగా మేమే పరీక్షింప బూనితిమి.

మొదట నిఘంటువులు. ఇందు లాభము నిస్సందేహము. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. అట్టి గ్రంథమును, సూర్యరాయాంధ్ర నిఘంటు సంపుటములను, బ్రౌను కోశమును బల్లమీద పరచుకొని యొక పదమును వెదకుటకు పట్టు కాలమెంతయో అనుభవజ్ఞులెరుగుదురు. ఆంధ్రభారతివంటి చోట పెక్కు నిఘంటువులను ఒక్క పర్యాయమే శోధింపవచ్చును. అయినను ఒక హెచ్చరిక యావశ్యకము. షికాగో విశ్వవిద్యాలయమువారు అంతర్జాలమున నుంచిన బ్రౌను నిఘంటువు 1903 నాటి ప్రతి. అది వెంకటరత్నము, క్యాంబెల్, వీరేశలింగము గార్లచే సంస్కరింపబడినది. బ్రౌను దొర 1852లో ప్రకటించిన ప్రతి వేరు. తెరమీద చూచిన యర్థమును 1852 నాటి ప్రమాణముగా చూపుట కాలనిర్ణయమున దోషమగును. ఈ దోషము యంత్రమునది కాదు. ముఖపత్రము చదువని పాఠకునిది.

రెండవది మూలపాఠ శోధనము. మా విద్యార్థి మోసపోయిన దిచ్చటనే. యంత్రమునకు అక్షరము ధ్వని కాదు, లిపిరూపమును కాదు, ఒక సంఖ్య. యూనికోడ్ విధానమున తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అందు అరసున్నకు వేరు స్థానము, శకటరేఫమునకు వేరు స్థానము కలవు. ‘తలఁచు’ అనునదియు, ‘తలచు’ అనునదియు మనకు ఒక్క పదమే. ఈ భేదమును పరిహరించుమని ముందుగా బోధింపనిచో యంత్రమునకు అవి రెండు పదములు. దంత్య చ, జలకు 2008లోను, నకారపొల్లునకు 2021లోను మాత్రమే ఆ పట్టికలో స్థానము లభించినది. అంతకు పూర్వము టైపు చేయబడిన పాఠములలో ఆ యక్షరములకు బదులు మరియేవో నిలిచియుండును.

లిపిని మించిన చిక్కు సంధి. ‘వచ్చెను కవి’ అనునది కావ్యమున ‘వచ్చెఁ గవి’ యగును. ప్రథమమీది పరుషములకు గసడదవలు వచ్చును. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమున సూత్రీకరించిన యీ విషయములు మన ప్రథమ వత్సరపు విద్యార్థికి తెలియును. కాని అక్షరముల వరుసను పోల్చుట తప్ప మరి యేమియు నెరుగని శోధన పరికరమునకు తెలియవు. మా విద్యార్థి వెదకినది కకారాదియైన పదము. కావ్యమున నది గకారాదియై యుండెను. పుస్తకము చేత బట్టి రెండాశ్వాసములు చదువునప్పటికి మూడు ప్రయోగములు కనబడినవి. నన్నయ పదప్రయోగకోశము కూర్చిన విద్వాంసులు మొదట సంధులు విడదీసి, పిమ్మట పదములను అకారాది క్రమమున నిలిపిరి. వారి శ్రమ ఫలమదియే. కావున మా సిద్ధాంతమిది: యంత్రశోధనము పదముయొక్క భావమునకు ప్రమాణము కాగలదు, అభావమునకు ప్రమాణము కాజాలదు. ‘కనబడినది’ అనవచ్చును. ‘లేదు’ అనరాదు.

మూడవది ముద్రితాక్షరములను యంత్రముచే చదివించుట. ట్రిపుల్ ఐటీ పాల్గొనిన డిజిటల్ లైబ్రరీ ప్రయత్నమువలన వేలకొలది తెలుగు పుస్తకములు ఛాయారూపమున లభ్యమైనవి. గ్రంథాలయములలో చేయి తగిలిన పొడియగు పుటలను నేడు మారుమూల పల్లెలోని విద్యార్థియు చదువగలుగుట సామాన్యమైన మేలు కాదు. కాని ఆ ఛాయను అక్షరములుగా మార్చునప్పుడు యంత్రము తడబడును. ప్రాచీన ముద్రణములందలి వలపలగిలక యిందుకు నిదర్శనము. దానిని తొమ్మిది అంకెగా భ్రమించి ‘కర్త’ను ‘కత౯’ అని గ్రహించుట సర్వసాధారణము. ‘కర్త’ యని వెదకువానికి అది యెన్నడును దొరకదు. 2005లో ఆరంభమైన తెలుగు వికీసోర్సులో ఔత్సాహికులు ఛాయను, పాఠమును ప్రక్కప్రక్కల నుంచి పుటపుటను దిద్దుచున్నారు. ఇది పాఠపరిష్కరణమున మనము బోధించు పద్ధతియే. వారిలో పెక్కురు పండితులమని చెప్పుకొనువారు కారు. ఆ పని మనకంటె ముందుగా వారు మొదలిడిరని యొప్పుకొనుట న్యాయము.

నాల్గవది ఛందఃపరీక్షకు కల్పించిన పరికరములు. ‘ఛందం’ వంటివి పద్యమునందలి గణములను, యతిప్రాసలను క్షణములో చూపును. తరగతిలో బోధించునప్పుడు ఇవి మిగుల నుపయుక్తములు. అయినను గురులఘు నిర్ణయము అక్షరములను మాత్రము చూచి చేయదగినది కాదు. ‘రాజప్రసాదము’ అను సమాసమున జకారము గురువు. ‘మన ప్రభువు’ అనుచోట నకారము లఘువే. ఈ భేదము సమాస జ్ఞానమువలన తెలియవలసినదే కాని, టైపు చేసినవాడు పదముల నడుమ ఎడము విడిచెనా లేదా యనుదానివలన కాదు. ప్రాచీన ప్రతులలో ఆ యెడము విశ్వసనీయము కాదు. కనుక యంత్రము గణభంగమని చూపినచోట కవిని తప్పు పట్టుటకు ముందు పాఠమును, సమాసమును విచారింపవలెను.

ఐదవది ప్రశ్నలకు వాక్యరూపమున సమాధానమిచ్చు యంత్రములు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట ఇట్టివి పెక్కు వచ్చినవి. ఇవి పుస్తకము తెరచి చూచి చెప్పునవి యని మా విద్యార్థి తలచెను. వాని మూల స్వభావమది కాదు. లెక్కకు మిక్కిలియైన పాఠమునుండి ఏ తునుక తరువాత ఏ తునుక వచ్చుట సంభావ్యమో నేర్చుకొని యవి వాక్యమును అల్లును. ఆ తునుకలు తరచు మన యక్షరముకంటెను చిన్నవి. అందువలన వాక్యము ధారాళముగా నుండును, గణము తప్పును, ఆకరము కల్పితమగును. పోతనదని చెప్పబడిన యా పద్యము మూడు లఘువులతో మొదలైనది. ఉత్పలమాల ప్రతి పాదమునను మొదటి గణము భగణము. మొదటి యక్షరము గురువు. మూడు లఘువులతో మొదలగు పద్యము మరియేదైన కావచ్చును గాని ఉత్పలమాల కాజాలదు. రెండవ పాదమున పదియవ యక్షరమునకు యతియు చెల్లలేదు. భాగవత ప్రతులలో నెచ్చటను అది లేదు. ఆంగ్ల వ్యాసముయొక్క సారమును తెలిసికొనుటకు, అనువాదమునకు తొలి ప్రతి సిద్ధపరచుటకు ఈ యంత్రములు పనికివచ్చును. ఉదాహరణములకు మాత్రము వీనిని ఆశ్రయింపరాదు.

ఈ ఫలితములను మాదాపూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేయుచున్న మా పూర్వ విద్యార్థి యొకనికి వినిపించితిమి. యంత్రము దినదినము మెరుగుపడునని యాతడు వాదించెను. మేమంగీకరింపక, సంధి తెలియనిదానికి సాహిత్యమేమి తెలియునంటిమి. అందుకాతడు, “సార్, సంధి విడదీసిన పాఠములు మీ బీరువాలలో నున్నవి. మీరీయనిది యంత్రమెట్లు నేర్చును?” అని వినయముగనే యడిగెను. ఈ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేకపోయెను. తెలుగు శాఖలలో దశాబ్దులుగా జరిగిన పరిష్కరణములు, పదసూచికలు పెక్కు నేటికిని వ్రాతప్రతులుగనే మిగిలియున్నవి. యంత్రము తప్పు చదివినదని నిందించు మనము సరియైన పాఠమును దానికందింపలేదు. ఉత్పలమాలలో మొదటి గణమేదో తెలిసినవాడు మాత్రమే యంత్రముయొక్క తప్పును పట్టగలడు. ఆ తెలివిడి మన చేతిలోనిదే. దానిని మన గదులకే పరిమితము చేయుట లోపము.

కావున తోడి యధ్యాపకులకు రెండు సూచనలు చేయుచున్నాము. పరిశోధకుడు ఏ పరికరమున, ఏ తేదీన, ఏ రూపమున పదమును వెదకెనో సిద్ధాంత వ్యాసమున తెలుపవలెను. ఉదాహరించిన ప్రతి పద్యమునకు ముద్రిత ప్రతిలోని పుటసంఖ్య నీయవలెను. ప్రతి పరిశోధకుడును తన కావ్యమునుండి కనీసము నూరు పద్యములను సంధులు విడదీసి, సరిచూచి, అందరికి నందుబాటులో నుంచవలెను. మొదటి నియమము మనలను యంత్రమునుండి కాపాడును. రెండవది యంత్రమును మన యజాగ్రత్తనుండి కాపాడును.

మా విద్యార్థి తన ప్రకరణమును తిరిగి వ్రాసెను. పదము లేదన్న వాదము పోయి, ఆ మూడు ప్రయోగములలో అర్థమెట్లు మారినదో యను చర్చ వచ్చి చేరినది. మునుపటికంటె ఇది చిన్న ప్రకరణము. ఈ పర్యాయము మేము పుస్తకము ప్రక్కన పెట్టుకొని చదివి సంతకము చేసితిమి.