తీర్మానం లేని నిషేధం

ఫుట్‌బాల్ క్లబ్బుల చరిత్రలు నాకు వీరగాథల్లా కనిపిస్తాయి. పల్నాడులో, రాజుపాలెంలో పుట్టినదాన్ని కాబట్టి అలా అనిపిస్తుందేమో. ఒక నాయకుడు, చుట్టూ వీరులు, ఒక పందెం, ఒక యుద్ధం. మా వైపు పసిపిల్లలకీ తెలిసిన మూస ఇది.

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు గురించి నేను చదివినవన్నీ ఈ మూసలోనే ఉన్నాయి. 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచిన జట్టు అది. దాన్ని తీర్చిదిద్దింది ఒకప్పటి బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది ఆయన శిక్షణలోనే. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమాకి కూడా ఆయనే నాయకుడు. ఆ గొప్పతనంతో నాకు పేచీ లేదు. ఈ కథనాలు అసలు వేసుకోని ప్రశ్నతోనే నా పేచీ: ఆ నగరంలో ఆడపిల్లలు ఎక్కడున్నారు?

ఈ ప్రశ్న నాకు ఇంగ్లండులోని ప్రెస్టన్ క్లబ్బు గురించి చదివాక పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో డిక్, కెర్ ఫ్యాక్టరీలో మందుగుండు తయారుచేసే స్త్రీలు 1917లో జట్టు కట్టారు. గాయపడ్డ సైనికుల కోసం ఆడి విరాళాలు పోగుచేశారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో వాళ్ళ ఆట చూడడానికి 53 వేల మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, తన సభ్య క్లబ్బుల మైదానాల్లో స్త్రీలను ఆడనివ్వవద్దని ఫుట్‌బాల్ అసోసియేషన్ తీర్మానించింది. ఈ ఆట ఆడవాళ్ళకి తగదన్నది ఒక కారణం. అది ఊహించిందే. నన్ను ఆపేసింది రెండో కారణం. విరాళాల సొమ్ము దారి మళ్ళుతోందన్న ఫిర్యాదు.

వెంటనే నాగమ్మ గుర్తొచ్చింది. రాజ్యం నడిపిన స్త్రీ. కోడిపందెంలో ఆమె గెలిస్తే, ఓడిన పక్షం ఏడేళ్ళు వలసపోయింది. గాథ మాత్రం ఆమె మోసం చేసి గెలిచిందంటుంది. ఆడది గెలిస్తే మనవాళ్ళు ముందు లెక్కలు అడుగుతారు, ప్రెస్టన్‌లోనైనా గురజాలలోనైనా.

ఆ స్త్రీలు ఆగలేదు. 1922లో అమెరికా వెళ్ళి మగజట్లతో ఆడారు. క్లబ్బును 1965 దాకా నిలబెట్టుకున్నారు. నిషేధం దాదాపు 50 ఏళ్ళు నడిచింది. 1994లో గెయిల్ న్యూషమ్ అనే ఆమె వాళ్ళ చరిత్రను పుస్తకంగా తెచ్చింది. పాత క్రీడాకారిణుల జ్ఞాపకాలే దానికి ప్రాణం. వాటి పక్కన పెట్టుకోవడానికి ఆమెకి తేదీ వేసిన ఒక తీర్మానం కూడా ఉంది.

మనకి ఆ కాగితమూ లేదు. నిషేధించాలన్నా ముందు ఆడవాళ్ళు మైదానంలో కనబడాలి కదా! ఏడో తరగతి దాకా నేను మగపిల్లలతో సమానంగా కబడ్డీ ఆడాను. పెద్దమనిషినయ్యాక ఓణీ వేశారు. ఆడొద్దని ఎవరూ అనలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. పరిశోధకురాలిగా ఇప్పుడు ఏ రికార్డు తిరగేస్తే ఆ రోజు దొరుకుతుంది?

మొన్న పండక్కి ఊరెళ్ళినప్పుడు, ‘నువ్వు చివరిసారి ఎప్పుడు ఆడావమ్మా?’ అని మా అమ్మని అడిగాను. ఇదేం ప్రశ్నే అని నవ్వింది. చాటలో బియ్యం ఏరుతూ చాలాసేపు ఆలోచించింది. మిరపకాయ కోతలప్పుడు, అంది చివరికి. ఏ సంవత్సరమో చెప్పలేకపోయింది.