‘మన మిత్రుడు పరమాణువు’: ఒక చలనచిత్ర పరిశీలన

పరమాణుశక్తిని బాలురకు బోధించుటకై తీసిన చలనచిత్రములలో వాల్ట్ డిస్నీ సంస్థవారి ‘అవర్ ఫ్రెండ్ ది ఆటమ్’ (మన మిత్రుడు పరమాణువు) మిక్కిలి ప్రసిద్ధమైనది. 1957 జనవరిలో అమెరికా టెలివిజన్‌లో ప్రసారమైన ఈ చిత్రమునకు వ్యాఖ్యాత జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు హైంజ్ హేబర్. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్యసమితిలో పరమాణువును శాంతికై వినియోగింపవలెనని పలికిన నాటి ఉత్సాహము ఇందు అడుగడుగున కనిపించును. ఉపాధ్యాయులు దీనిని నేటికిని తరగతిలో చూపవచ్చును. కాని చూపి ఊరకుండరాదు.

చిత్రమునకు ఆధారము అరేబియన్ నైట్స్ లోని జాలరి కథ. వలలో పడిన పాత్ర మూత తీయగనే భూతము వెలువడి జాలరిని చంపబూనును. అతడు యుక్తితో దానిని మరల పాత్రలో దూర్చి లొంగదీయును. పరమాణువే ఆ భూతమనియు, దానిని మనము కోరవలసిన వరములు శక్తి, ఆహారారోగ్యములు, శాంతి అనియు చిత్రము చెప్పుచున్నది.

ఇందలి ఉత్తమ ఘట్టము ఎలుకల ఉచ్చుల ప్రదర్శన. వరుసగ పరచిన ఉచ్చులపై పింగ్‌పాంగ్ బంతులను అమర్చి హేబర్ ఒక బంతిని విసరును. ఒక ఉచ్చు విడివడి బంతులెగురును. అవి మరికొన్ని ఉచ్చులను తాకును. రెప్పపాటులో అంతటను బంతులే. అట్లే యురేనియం-235 కేంద్రకమును న్యూట్రాన్ తాకగా అది రెండు ముక్కలై, రెండు మూడు న్యూట్రాన్లను వెలువరించును. అవి మరికొన్ని కేంద్రకములను చీల్చును. ఈ శృంఖలా చర్య అదుపులేక సాగిన బాంబు. ప్రతి విచ్ఛిత్తికి సగటున ఒక్క న్యూట్రాన్ మాత్రమే పని కొనసాగించునట్లు చేసిన రియాక్టరు.

చిత్రము వాగ్దానము చేసిన శక్తి అసత్యము కాదు. 1 గ్రాము యురేనియం-235 పూర్తిగ విచ్ఛిత్తి నొందిన సుమారు 3 టన్నుల బొగ్గు నిచ్చు వేడి లభించును. రియాక్టరులో విచ్ఛిత్తి వలన పొగ గాని, కార్బన్ డయాక్సైడు గాని రాదు. భూమి వేడెక్కుచున్న ఈ కాలమున ఇది చిన్న లాభము కాదు.

లోపమెక్కడ? విడివడిన ఉచ్చు ఇక కదలదు. చీలిన కేంద్రకపు ముక్కలు మాత్రము ఊరకుండవు. అయొడిన్-131, సీజియం-137 వంటి ఈ ముక్కలు రేడియోధార్మికములు. శృంఖలా చర్యను ఆపినను వేడిని ఇచ్చుచునే యుండును. 3000 మెగావాట్ల ఉష్ణమునిచ్చు రియాక్టరును ఆపిన క్షణమున సుమారు 6 శాతము, ఒక దినము తరువాత సుమారు అర శాతము, అనగా 15 మెగావాట్లు, ఇంకను వెలువడుచుండును. 2011 మార్చిలో జపానులోని ఫుకుషిమాలో భూకంపము రాగనే, పనిచేయుచున్న రియాక్టర్లు సక్రమముగనే ఆగినవి. పిమ్మట సునామీచే చల్లార్చు యంత్రములకు విద్యుత్తు కరవై, ఈ మిగులు వేడికే మూడింటిలోని ఇంధనము కరగినది.

వేడి తగ్గినను కాపలా తప్పదు. అయొడిన్-131 అర్ధజీవిత కాలము 8 దినములే. ఐనను 1986లో చెర్నోబిల్ ప్రమాదమున అది పాలలో చేరి, పలువురు పిల్లలకు థైరాయిడ్ క్యాన్సరును తెచ్చినది. సీజియం-137కు 30 ఏండ్లు. రియాక్టరులో పుట్టు ప్లుటోనియం-239కు 24 వేల ఏండ్లు. ఫిన్లండ్ వారు ఇట్టి వ్యర్థమును దాచుటకై 400 మీటర్లకు మించిన లోతున రాతిలో సొరంగములు తొలిచిరి. గనివద్దను ఇదే సమస్య. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో వలె ఖనిజమునుండి యురేనియము తీయుచోట్ల, రేడియము మొదలగునవి మడ్డిలోనే మిగిలిపోవును. దానిని నీటిలో కలియకుండ కాచవలెను.

రేడియోధార్మికతను వైద్యమునకు, వ్యవసాయమునకు వరముగ చూపిన చిత్రము, ఈ మిగులునకు తగిన చోటు ఈయలేదు. కథలో భూతము పాత్రలో దూరిన ఆపద తీరును. రియాక్టరును ఆపిన తీరదు.

మన పాఠశాలలలో ‘పరమాణుశక్తి వరమా? శాపమా?’ అని వక్తృత్వపు పోటీలు పెట్టుట వాడుక. దానికి బదులు ఈ చిత్రమును చూపి, విద్యార్థులను రెండు ప్రశ్నలడుగుట మేలు: ఆపిన రియాక్టరును చల్లార్చు నీరు, విద్యుత్తు ఎక్కడనుండి వచ్చును? మిగిలినదానిని ఎవరు, ఎంతకాలము, ఎవరి ఖర్చుతో కాచుదురు? వీనికి లెక్కతో సమాధానము చెప్పగల విద్యార్థి ఏ పక్షమున నిలిచినను, అతని మాట వినదగినదే యగును.